రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్‌కి వెళ్లే ముందు

ముందు పాస్‌పోర్ట్ గడువు చూడండి. అది ముగిసే తేదీ దాటి పర్మిట్ ఇవ్వని దేశాలు చాలా ఉన్నాయి.

అన్ని కాగితాల్లో మీ పేరు అక్షరం అక్షరం పోల్చండి. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అద్దె ఒప్పందంలో పొడి అక్షరమే ఉంది. మూడు గంటలు క్యూలో నిలబడ్డాక, ఫైలు చంకన పెట్టుకుని వెనక్కొచ్చాను. ఆ టెన్షన్ మీకొద్దు.

పెళ్లి, పుట్టుక సర్టిఫికెట్లకు అపోస్టిల్ (వాటి మీది సంతకం, ముద్ర అసలైనవేనని, ఇచ్చిన దేశం వేసే ధ్రువీకరణ ముద్ర) కావాలేమో కనుక్కోండి. ఈ ముద్రను గుర్తించే 1961 నాటి హేగ్ ఒప్పందంలో లేని దేశాలైతే సాధారణంగా రాయబార కార్యాలయం ధ్రువీకరణ అడుగుతాయి. అనువాదం ఆ తర్వాతే చేయించడం మేలు, ముద్ర కూడా అందులోకి వస్తుంది.

ఒరిజినల్స్, రెండేసి జిరాక్సులు, ఫోటోలు.

పాత కార్డు ఇచ్చేసేముందు రెండువైపులా ఫోటో తీసుకోండి. కొత్తది చేతికి రాకుండా ప్రయాణం టికెట్లు కొనకండి.