రాయిలా బిగిసిన బ్రేక్ పెడల్

కారు ఆగింది గానీ, పెడల్ మీద దాదాపు నిలబడాల్సి వచ్చింది. కాలు వేసినప్పుడల్లా డ్యాష్‌బోర్డు కింద నుంచి 'స్స్స్' అని గాలి చప్పుడు.

ప్యాడ్లు అరిగాయేమో అన్నాడు పక్కింటి అన్న. నాకు బూస్టర్ మీద అనుమానం; ఇంజిన్ పీల్చే వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే డబ్బా అది. ఇంజిన్ ఆపి, పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేశాను. బూస్టర్ బాగుంటే పెడల్ కాస్త కిందికి దిగాలి. నాది కదల్లేదు. వాక్యూమ్ గొట్టం తీసి బొటనవేలు పెడితే ఇంజిన్ గట్టిగానే పీలుస్తోంది. గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌కీ రోగం లేదు. బూస్టర్ లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, చిరిగినట్టే.

బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ బూస్టర్ ముందే ఉంటుంది; దాని వెనక ఆయిల్ తడి లేదు. అందుకే దాన్ని మార్చలేదు. రెండు నట్లు విప్పి, పైపులు ఊడదీయకుండానే మెల్లగా ముందుకు జరిపాను. పైపుల్లోంచి గాలి తీసే బ్లీడింగ్ పని తప్పింది. అసలు నరకం లోపలుంది: టార్చ్ నోట్లో పెట్టుకుని, పెడల్ కింద తలదూర్చి, పెడల్‌ని బూస్టర్‌కి కలిపే పుష్‌రాడ్ పిన్ను, బూస్టర్ నాలుగు నట్లు తీయాలి. పై నట్టు ఒక్కదానికే గంట పట్టింది. మెడ రెండు రోజులు పట్టేసింది, అది వేరే కథ.

కొత్త బూస్టర్ బిగించే ముందు పుష్‌రాడ్ పొడవు పాతదానితో సరిచూశాను. అది ఎక్కువైతే బ్రేకులు వదలక చక్రాలు వేడెక్కుతాయి. తర్వాత అదే పరీక్ష మళ్లీ చేశాను. స్టార్ట్ చేయగానే పెడల్ మెత్తగా దిగింది.