ఎడారిలో ఉల్కాశిలల అన్వేషణ – మూడవ పాఠం: రాయిని ఎత్తే ముందు

గత పాఠంలో అన్వేషణకు అనువైన నేలను ఎంచుకోవడం నేర్చుకున్నాం. లేత రంగు సున్నపురాతి మైదానమై, వాగులు బయటి రాళ్లను తెచ్చి పోయకుండా, గాలి సన్నని మట్టిని ఎత్తుకుపోగా బరువైన రాళ్లు పైన మిగిలిపోయిన నేల అందుకు మేలు. ఒమాన్‌లోని జిద్దత్ అల్ హరాసిస్, ఆస్ట్రేలియాలోని నల్లార్బర్ మైదానం అటువంటివే. అక్కడ ఒక నల్లని రాయి కంటపడినప్పటి నుంచి దాన్ని సంచిలో వేసేవరకు చేయవలసిన పని ఈ పాఠంలోని విషయం.

నడిచేటప్పుడు సూర్యుడు వీపు వైపు ఉండేలా దారి ఎంచుకోండి. ఎదురుగా ఎండ ఉంటే ప్రతి గులకరాయీ తన నీడతో నల్లగా కనిపించి కంటిని మోసగిస్తుంది. ఎండ వెనుక నుంచి పడితే నీడలు రాళ్ల చాటుకు పోయి, నిజంగా నల్లనైనవే తేలి కనిపిస్తాయి.

అనుమానించదగిన రాయి దొరికితే ముందుగా దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముట్టుకోకుండా చూడండి. ఇటీవల పడిన ఉల్కాశిలకు వాతావరణంలో కరిగి గడ్డకట్టిన నల్లని పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వేల ఏళ్లుగా పడి ఉన్న రాయిలో ఆ పొర గోధుమ రంగుకు తిరిగి, పగుళ్లు విచ్చి, అక్కడక్కడా ఊడిపోయి ఉంటుంది. గాలికి ఎదురైన పైభాగం నునుపుదేరి మెరుస్తుంటే, నేలలో కూరుకున్న అడుగుభాగానికి తెల్లని సున్నపు పూత పట్టి ఉండవచ్చు. ఏ ముఖం పైకి ఉందో ఫోటోలో తెలియాలనడానికి కారణం ఇదే.

ఎడారిలోని మామూలు రాళ్లకూ నల్లని మెరుగు పూత పడుతుంది కాబట్టి రంగును మాత్రమే నమ్మకూడదు. సహజంగా విరిగిన అంచు ఉంటే భూతద్దంతో పరిశీలించండి. ఉల్కాశిలల్లో ఎక్కువగా దొరికే రాతి రకమైన కాండ్రైట్ తాజాగా ఉంటే, దానిలో బూడిదరంగు నేపథ్యంలో లోహపు రవ్వలు మెరుస్తాయి. తుప్పు పట్టిన దానిలో కాండ్రూల్స్ అనే చిన్న గుండ్రని గింజలు కనిపించవచ్చు. తెల్లని క్వార్ట్జ్ గింజలు గానీ, బుడగల వంటి రంధ్రాలు గానీ నిండి ఉంటే అది దాదాపుగా భూమి రాయే, లేదా కొలిమి చిట్టెమే.

ఇక అయస్కాంతం సంగతి. చాలామంది చెప్పే మొదటి పరీక్ష ఇదే, నేను వద్దని గట్టిగా చెప్పే పరీక్ష కూడా ఇదే. అత్యధిక ఉల్కాశిలల్లో ఇనుము-నికెల్ లోహం ఉండటం వల్ల అవి అయస్కాంతానికి అంటుకుంటాయన్నది నిజమే. అయితే రాయిలోని ఖనిజాలు తాము పుట్టిన లోకపు అయస్కాంత క్షేత్రాన్ని కోట్ల ఏళ్లపాటు భద్రపరచగలవు. బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని ఆనిస్తే క్షణంలో ఆ జాడ చెరిగిపోయి, దాని స్థానంలో మన అయస్కాంతపు ముద్ర పడుతుంది. 'బ్లాక్ బ్యూటీ'గా పేరొందిన అంగారక శిల ఎన్‌డబ్ల్యూఏ 7034కు జరిగింది ఇదే. అంగారకుడు తన అయస్కాంత క్షేత్రాన్ని కోల్పోవడానికి ముందటి కాలపు ఖనిజాలున్న ఆ రాయిలో వెతకవలసిన జాడను, చేతి అయస్కాంతాలు చెరిపేశాయని పరిశోధకులు 2023లో వెల్లడించారు. ఒకసారి పోయిన ఆ సమాచారాన్ని ఎవరూ తిరిగి తేలేరు. కాబట్టి రాయి అయస్కాంత క్షేత్రానికి ఎంతగా స్పందిస్తుందో చాలా బలహీనమైన క్షేత్రంతో కొలిచే అయస్కాంత గ్రాహ్యతా మాపకాన్ని వాడండి. అది లేకపోతే ఈ పరీక్షను ప్రయోగశాలకు వదిలేయండి. అలాగే రాయిని కడగకండి. నీటితో వచ్చే క్లోరైడ్లు లోహపు తుప్పును వేగవంతం చేస్తాయి.

ఇప్పుడు నమోదు. పక్కన కొలబద్ద ఉంచి, ఉన్నచోటనే దగ్గరి నుంచి ఒక ఫోటో, పరిసరాలు కనిపించేలా దూరం నుంచి మరొకటి తీయండి. జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలను, తేదీని, నేల స్వభావాన్ని నోటుపుస్తకంలో రాసి, రాయికి ఒక తాత్కాలిక సంఖ్య ఇవ్వండి. తరువాతే చేతొడుగుతో ఎత్తి శుభ్రమైన సంచిలో వేయండి.

ఈ శ్రమ విలువ 2008 టీసీ3 గ్రహశకలం విషయంలో తేటతెల్లమైంది. భూమిని తాకడానికి ఒక రోజు కంటే తక్కువ వ్యవధి ముందు కనుగొన్న ఆ శకలం 2008 అక్టోబరు 7న సూడాన్‌లోని నూబియన్ ఎడారిపై పేలిపోయింది. ఖగోళ శాస్త్రవేత్తలు పీటర్ జెన్నిస్కెన్స్, మువావియా షద్దాద్ ఆధ్వర్యంలో ఖార్టూమ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు వరుసగా నిలబడి నేలను జల్లెడ పట్టారు. దొరికిన ముక్కల్లో యూరీలైట్లు అనే అరుదైన రకం ఉల్కాశిలలతో పాటు పలు రకాల కాండ్రైట్లూ ఉన్నాయి. ముక్కలు తాజాగా ఉండటం, అవి పడిన స్థలాలు నమోదై ఉండటం వల్లనే, ఇన్ని రకాల రాళ్లు ఒకే గ్రహశకలంలో కలిసి వచ్చాయని వాదించడం సాధ్యమైంది.

అనుమతి లేకుండా రాయిని దేశం దాటించకూడదు. ఒమాన్, ఆస్ట్రేలియాల్లో దీనికి చట్టపరమైన ఆంక్షలున్నాయి. శాస్త్రీయంగా పేరు నమోదు కావాలంటే 20 గ్రాములు లేదా మొత్తం బరువులో 20 శాతం, వీటిలో ఏది తక్కువైతే అంత, గుర్తింపు పొందిన సంస్థలో నమూనాగా ఉంచాలి.

అభ్యాసం: ఎక్కడైనా దొరికే ఐదు నల్లని రాళ్లను తీసుకుని, పైన చెప్పిన క్రమంలో ఫోటోలు తీసి, పేరు ఊహించకుండా కనిపించినదాన్ని మాత్రమే వర్ణించండి. ఆ తరువాత టైలు వెనుకవైపు గరుకు తలంపై గీసి చూడండి. ఇనుప ఖనిజాలైన హెమటైట్ ఎర్రని గీతను, మాగ్నటైట్ నల్లని గీతను వదులుతాయి. ఉల్కాశిల కావచ్చనిపించే రాయిని మాత్రం ఇలా గీయకండి. కోసిన తలంలో లోహం ఎంతమేర తుప్పుగా మారిందో, సిలికేట్ ఖనిజాలు ఎంతమేర చెడ్డాయో చూసి, డబ్ల్యూ 0 నుంచి డబ్ల్యూ 6 వరకు శైథిల్య శ్రేణి నిర్ణయించే పద్ధతిని నాలుగవ పాఠంలో చేపడదాం.