బోరు నీళ్లలోనూ నురగ వచ్చే సబ్బు: పామ్ కెర్నల్ ఆయిల్‌తో ఇలా చేయండి

చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర కెమికల్ షాపులో ‘పామాయిల్’ అని మాత్రమే అడగకండి. ఆయిల్‌పామ్ పండులో రెండు నూనెలున్నాయి. పైనున్న గుజ్జును పిండితే వచ్చేది పామాయిల్. దాన్నుంచి విడదీసిన పల్చటి భాగమే మన వంటింటి పామోలిన్. టెంక పగలగొట్టి లోపలి పప్పును ఆడిస్తే వచ్చేది పామ్ కెర్నల్ ఆయిల్. ఏలూరు వైపు తోటల్లో గెలలు కోసేవాళ్లకు ఈ తేడా తెలుసు, సీసా చూసి కొనేవాళ్లకే తెలియదు. గుణంలో కెర్నల్ నూనె పామాయిల్‌కన్నా కొబ్బరి నూనెకే దగ్గరి చుట్టం. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. పామాయిల్‌లో అది నామమాత్రం.

అనుమానముంటే రెండు చెంచాలు గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. కెర్నల్ నూనె మైనంలా గట్టిపడి, నొక్కితే పెళ్లలుగా విరుగుతుంది. పామోలిన్ మెత్తటి నూకలా పేరుకుంటుంది.

చెన్నైలో ఈ నూనె విలువ తెలిసేది స్నానాల గదిలో. గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మామూలు సబ్బును తెట్టుగా మార్చేస్తాయి, నురగ రాదు. లారిక్ ఆమ్లపు సబ్బు నీళ్లలో త్వరగా కరుగుతుంది కాబట్టి బోరు నీళ్లలో, కాస్త ఉప్పగా ఉన్నా సరే, నురుగుతుంది. అలాగని మొత్తం ఈ నూనెతోనే చేస్తే చర్మం బిరుసెక్కుతుంది. 40 శాతం చాలు. పొడిచర్మమైతే 25కు తగ్గించి, కాస్టిక్ సోడా లెక్క మళ్లీ వేసుకోండి.

కిలో నూనెకు కొలత: పామ్ కెర్నల్ 400 గ్రాములు, పామోలిన్ 500, ఆముదం 100 (నురగ నిలబడేది దీనివల్లే). కాస్టిక్ సోడా 145, నీళ్లు 290 గ్రాములు. నీళ్లు బోరువి వద్దు, డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఈ లెక్కలో సుమారు 6 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది, చర్మానికి అదే రక్ష. అన్నీ గ్రాముల్లోనే తూచండి. లీటరు పామోలిన్ ప్యాకెట్ కిలో కాదు, 910 గ్రాములే.

సోడా లెక్క ఇలా కట్టాలి: గ్రాము కెర్నల్ నూనెకు 0.176 గ్రాములు, పామోలిన్‌కు 0.142, ఆముదానికి 0.128, కొబ్బరి నూనెకు 0.183. వచ్చిన మొత్తంలో 6 శాతం తగ్గించండి. రెండు నూనెల అంకెలు తారుమారైతే ఏమవుతుంది? 500 గ్రాముల పామోలిన్‌కు కెర్నల్ అంకె వేస్తే 17 గ్రాముల సోడా ఎక్కువవుతుంది. మిగులు నూనె దాన్ని మింగలేదు, ఆ సబ్బు ఒళ్లు మండిస్తుంది. 400 గ్రాముల కెర్నల్‌కు పామోలిన్ అంకె వేస్తే సోడా 13 గ్రాములకు పైగా తగ్గి, బిళ్ల జిడ్డుగా, మెత్తగా ఉండిపోతుంది.

రక్షణ కళ్లద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి పెట్టండి. సోడాను నీళ్లలో వేయాలి, నీళ్లను సోడాలో పోయకూడదు, పోస్తే ఎగజిమ్ముతుంది. స్టీలు గిన్నె గానీ గట్టి ప్లాస్టిక్ మగ్గు గానీ తీసుకోండి. అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఒంటిమీద పడితే నిమ్మరసం, వెనిగర్ జోలికి పోకుండా ధారగా నీళ్లతో కడగండి. చెన్నై గాలికి సోడా డబ్బా మూత తెరిచి ఉంచితే పలుకులు తేమ పీల్చి ముద్దకడతాయి. అప్పుడు 145 గ్రాములు తూచినా అందులో కొంత నీరే.

కెర్నల్ నూనె 26–28 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో కరిగించడానికి వేడి చేసే పనే లేదు. మార్గశిరపు చలికి డబ్బా అడుగున తెల్లగా పేరుకుంటుంది. పైనున్న తేటను వంచుకోవద్దు. డబ్బా మొత్తం కరిగించి, కలిపి, అప్పుడు తూచండి. లేకపోతే ఒక్కోసారి ఒక్కో రకం నూనె వస్తుంది.

నూనెలు, సోడా నీళ్లు రెండూ 40 డిగ్రీలకు దగ్గరగా వచ్చాక కలిపి, హ్యాండ్ బ్లెండర్‌ను ఆపి ఆపి తిప్పండి. గరిటె ఎత్తితే జారిన ధార పైన గీతలా నిలిచినప్పుడు అచ్చులో పోయండి. దుప్పటి కప్పమని చాలామంది చెబుతారు. అది చలి ఊళ్ల మాట. ఇక్కడ ఎండాకాలంలో కప్పితే నడుమ ఉడికి పగులుతుంది.

అచ్చులో పోసిన 12 గంటల తర్వాత నుంచే బిగువు చూస్తూ ఉండండి. తొడుగు వేసుకున్న వేలితో నొక్కితే వెన్న ముక్కలా ఉన్నప్పుడు కోయాలి. ఈ నూనె సబ్బు త్వరగా గట్టిపడుతుంది. మర్నాటి సాయంత్రం దాకా ఆగితే కత్తి కింద పెళుసుగా విరుగుతుంది. బిళ్లలను దూరం దూరంగా పేర్చి 4 నుంచి 6 వారాలు ఆరనివ్వండి. ఈశాన్య రుతుపవనాల్లో పైన చెమట చుక్కలు కనిపిస్తాయి. సబ్బులోని గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతోందన్నమాట, సబ్బు చెడినట్టు కాదు. ఫ్యాను గాలికి పెట్టండి.

మిగిలిన నూనెను మూకుడులో పోద్దామని చూడకండి. సబ్బుకని అమ్మే సరుకు తినడానికి కాదు. తినే రకమైనా వేరుశనగ నూనెతో కలిపి వేయిస్తే విపరీతంగా పొంగుతుంది, పైగా 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. తిండిలో దీనికి చోటు కాంపౌండ్ చాక్లెట్‌లో, బిస్కెట్ల నడుమ క్రీములో. తేమ తగిలి కొవ్వు విడిపోతే వాటిలో సబ్బు రుచి వచ్చేది ఈ లారిక్ ఆమ్లం వల్లే.