సీ డ్రైవ్ నిండిపోతే ప్రీమియర్ ప్రోలో నేను చేసింది

తిరుచానూరులో తీసిన పెళ్లి వీడియో ఎడిట్ చేస్తుంటే సీ డ్రైవ్ గీత ఎర్రగా మారింది. 2 జీబీ కూడా మిగల్లేదు, రెండు రోజుల్లో డెలివరీ, ఒకటే టెన్షన్. రీసైకిల్ బిన్, టెంప్ ఫైళ్లు, పాత సాఫ్ట్‌వేర్లు అన్నీ తీసేసినా లాభం లేదు.

చివరికి ప్రీమియర్ ప్రో మూసి తెరిచి, ఏ ప్రాజెక్టూ ఓపెన్ చేయకుండా ఎడిట్, ప్రిఫరెన్సెస్, మీడియా క్యాష్‌లోకి వెళ్లాను. క్యాష్ అంటే క్లిప్పులు త్వరగా ప్లే అవడానికి ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లు. డిలీట్ నొక్కి, మొత్తం క్యాష్ ఫైళ్లు తీసేయమన్నాను. 61 జీబీ ఖాళీ అయింది! అక్కడే బ్రౌజ్ నొక్కి క్యాష్‌ను డీ డ్రైవ్‌కి మార్చాను. అసలు ఫుటేజీకి ఏమీ కాదు. ప్రాజెక్ట్ తెరిచాక మాత్రం క్యాష్ మళ్లీ తయారవ్వాలి కాబట్టి కాసేపు నెమ్మది. తలంబ్రాల క్లిప్పుల్లో ఆడియో గీతలు ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి.

మీ డిస్క్ నింపింది ప్రివ్యూ ఫైళ్లయితే (టైమ్‌లైన్ రెండర్ చేసినప్పుడు తయారయ్యేవి) దీంతో తీరకపోవచ్చు, అవి వేరే ఫోల్డర్‌లో ఉంటాయి.