ఫాస్ట్‌ఫుడ్ ఫ్రాంచైజీ తీసుకునే ముందు లెక్క ఎలా చూడాలి?

ఫ్రాంచైజీ కోసం వెళ్లినవాళ్లు ముందుగా ‘నెలకు నాకెంత మిగులుతుంది?’ అని అడుగుతారు. దానికి కంపెనీవాళ్ల దగ్గర రంగుల కాగితం సిద్ధంగా ఉంటుంది. అంతకన్నా ముందు ‘మీకెక్కడ మిగులుతుంది?’ అని వాళ్లనే అడగండి.

1. కంపెనీ రాబడి ఎటు నుంచో కనుక్కోండి

మెక్‌డొనాల్డ్స్‌నే చూడండి. 1955లో రే క్రాక్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో షాపు తెరిచి, ఫ్రాంచైజీలు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఫీజు 950 డాలర్లు, ఆపైన అమ్మకాల్లో 1.9 శాతం. ఆ 1.9లో 0.5 ఆ పేరుతో మొదట హోటల్ పెట్టిన మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములకే పోయేది. మిగిలింది ఆఫీసు ఖర్చులకే చాలేది కాదు. 1956లో క్రాక్ దగ్గర డబ్బు వ్యవహారాలు చూసే హ్యారీ సానెబార్న్ ఒక దారి చెప్పాడు: స్థలం కంపెనీయే లీజుకు తీసుకుని, షాపు నడిపేవాడికి ఎక్కువ అద్దెకు ఇవ్వాలి. కనీస అద్దె, అమ్మకాల్లో వాటా, వీటిలో ఏది ఎక్కువైతే అది వసూలు చేయాలి. అలా అమ్మకం పెరిగితే కంపెనీకీ లాభమే. పద్ధతి తప్పినవాణ్ని ఖాళీ చేయించే అధికారమూ దాని చేతిలోనే ఉంటుంది.

ఇక ప్రవేశ ఫీజుల మీదే బతికే కంపెనీలు వేరే రకం. మీ షాపు నడిచినా, మూతపడినా వాటికి రావాల్సింది వచ్చేసినట్టే.

2. వంటగదిలో నిలబడి చూడండి

1948లో ఆ మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెనూను తొమ్మిది ఐటమ్స్‌కు కుదించారు. హాంబర్గర్ 15 సెంట్లు. ఎవరు ఎక్కడ నిలబడాలో టెన్నిస్ కోర్టు మీద సుద్దముక్కతో గీసి మరీ చూసుకున్నారు. మీరు చూడాల్సిందీ అదే: మాస్టర్ సెలవు పెడితే రుచి మారుతుందా? మారితే మీరు కొంటున్నది బోర్డు మాత్రమే.

3. కాగితం మీద నెల లెక్క వేయండి

రాయల్టీ, అంటే పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే వాటా, పడేది అమ్మకం మీద, లాభం మీద కాదు. పైగా దానిమీద 18 శాతం జీఎస్టీ. కస్టమర్ల దగ్గర 5 శాతం జీఎస్టీ వసూలు చేసే పద్ధతిలో నడిచే రెస్టారెంట్‌కు, అలా కట్టిన పన్ను తిరిగి రాదు. చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

నెలకు పన్ను కాకుండా 5 లక్షల అమ్మకం అనుకుందాం. రాయల్టీ 6 శాతం, ప్రకటనలకు 2 శాతం, వాటిమీద పన్ను కలిపి 47,200. సరుకు 1,90,000, అద్దె 60,000, జీతాలు 90,000, కరెంటు, గ్యాస్ 35,000. సగం ఆర్డర్లు డెలివరీ యాప్‌లో వచ్చి, కమీషన్ 25 శాతమైతే పన్నుతో 73,750. మిగిలేది 4,050 రూపాయలు! ఈఎంఐ ఇంకా కట్టనేలేదు. అంకెలు నేను అనుకున్నవి, మీవి వేసుకుని చూడండి.

4. ఒప్పందం చదవండి, మూసేసినవాళ్లతో మాట్లాడండి

అమెరికాలో సంతకానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన వివరాలన్నీ రాసివ్వాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు కాబట్టి అన్నీ మీరే అడిగి రాయించుకోవాలి. పక్క వీధిలో ఇంకో షాపు ఇస్తారా? సరుకు వాళ్ల దగ్గరే కొనాలా? మధ్యలో మానేస్తే డిపాజిట్ సంగతేమిటి? మూడేళ్లలో మూతపడిన షాపులు ఎన్ని, వాటి యజమానుల నంబర్లేమిటి? ఈ ఆఖరి ప్రశ్నకు నసిగితే అడ్వాన్సు ఇవ్వకుండా లేచి వచ్చేయండి.