చిత్రకళా ప్రొఫెసర్ కాగితాలు గోదావరి తేమలో నిలవాలంటే

మాస్టారు పోయిన ఏడాదిలోపే ఆయన బొమ్మలు ఎవరికి చెందాలో వాళ్లకు చేరిపోతాయి. శాలువాలు బీరువాలోకి, సన్మానపత్రాలు గోడమీదికి వెళతాయి. మిగిలేవి కాగితాలు: పాఠాల నోట్సు, సిలబస్ చిత్తుప్రతులు, శిష్యుల ఉత్తరాలు, ఎగ్జిబిషన్ పిలుపులు, రంగుల కొట్టు బిల్లులు, సగం నిండిన స్కెచ్ బుక్కులు. ఇల్లు సర్దేటప్పుడు ముందుగా తూకానికి వెళ్లేవి ఇవే. బొమ్మ ఎలా పుట్టిందో, క్లాసులో ఏం చెప్పారో, ఎవరి గీతను ఎలా దిద్దారో చెప్పగలిగేవీ ఇవే. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 28 ఏళ్లయినా నిండకుండా 1925లో కన్నుమూశారు. అక్కడి గ్యాలరీలో ఆయన చిత్రాల ముందు నిలబడినవాళ్లకు వాటి వెనకటి చిత్తుగీతలు, ఉత్తరాలు కూడా చూడాలనిపిస్తుంది. నిన్నమొన్నటి ప్రొఫెసర్ల విషయంలో ఆ పని ఇంకా మన చేతుల్లోనే ఉంది.

పెట్టె కొనేముందు చోటు చూడండి

డెల్టాలో కాగితానికి మొదటి శత్రువు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు పడుతుంది. జూన్ నుంచి నైరుతి వానలు, అవి తెరిపిచ్చాక డిసెంబరు దాకా వాయుగుండాలు. ఇంటి చుట్టూ కాలువ, వరిచేను, చెరువు ఉంటే చెప్పనక్కర్లేదు. కొన్ని వందల రూపాయలకు డిజిటల్ తేమ మీటరు దొరుకుతుంది. ఒకటి కొని వానాకాలంలో ఇంట్లో నాలుగు చోట్ల రెండేసి రోజులు పెట్టి, అంకెలు రాసుకోండి. ఏ గది పొడిగా ఉంటుందో మన ఊహకంటే ఆ అంకెలే సరిగ్గా చెబుతాయి.

మేడమీద లోపలి గది మంచిది. పైన శ్లాబు కారకూడదు, గోడకు అవతల బాత్రూం ఉండకూడదు, పడమటెండ కొట్టే గోడకు బీరువా పెట్టకూడదు. అటక వద్దే వద్దు. వేసవిలో అక్కడి వేడికి కాగితం పెళుసెక్కుతుంది, పైగా ఎలుకలు చేరినా నెలల తరబడి ఎవరి కంటా పడదు. కింది ఇల్లు ఒక్కటే ఉంటే, 1986 ఆగస్టు వరదకు ఆ వీధిలో నీళ్లు ఎంతెత్తు వచ్చాయో పెద్దవాళ్లనడిగి, ఆ గీతకు పైన ఉండే అరలే వాడండి. కోనసీమలో పెంకుటింటివాళ్లు 1996 నవంబరు తుపానునూ లెక్కలో పెట్టుకోవాలి. అలాంటి రాత్రి పైకప్పే లేచిపోతుంది కాబట్టి, కాగితాలు శ్లాబు ఇంట్లో ఉండే చుట్టాల దగ్గర పెట్టడం మేలు.

ఇనప బీరువా గోడకు నాలుగంగుళాల ఎడంగా ఉండాలి. అడుగు అర నేలకు కనీసం అడుగు ఎత్తులో ఉండాలి. చెక్క అరలకు చెదభయం ఎక్కువ. నెలకోసారి టార్చి వేసి బీరువా వెనకాల, గడప మూలల్లో మట్టిగీతలు ఉన్నాయేమో చూడండి. చెదమందు గోడకూ నేలకూ కొట్టించాలి. కాగితాల మీద ఏ మందూ చల్లకూడదు.

తేమను పీల్చే సిలికా జెల్ గింజల గురించి ఒక మాట. గాలి చొరబడని డబ్బాలోనే అది పనిచేస్తుంది. సందులున్న బీరువాలో పెడితే నాలుగు రోజుల్లో నిండిపోయి ఊరికే పడుంటుంది. రంగు మారగానే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది.

కలరా ఉండలు బూజును ఆపవు. ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు, ప్లాస్టిక్ కవర్లను మెత్తబరుస్తుంది. పచ్చి వేపాకు తనలోని తేమనే కాగితానికి ఇస్తుంది. ఎండిన వేపాకైనా, వస కొమ్మైనా పల్చని గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టండి, కాగితాల మధ్య వద్దు. సాంబ్రాణి పొగ పెడితే బూజు చావదు, మసి మాత్రం పేరుకుంటుంది.

చెయ్యి పెట్టేముందు

సర్దాలన్న ఆత్రమే ఎక్కువ నష్టం చేస్తుంది. మాస్టారు ఒక ఫైల్లో సిలబస్ నోట్సు, ఢిల్లీ ఎగ్జిబిషన్ ఉత్తరం, ఒక పెన్సిల్ స్కెచ్ కలిపి పెట్టారంటే దానికో కారణం ఉండొచ్చు. ఆ మూడూ విడదీసి మూడు చోట్ల పెడితే ఆ కారణం ఇక ఎవరికీ దొరకదు. అందుకని ముందు గది మొత్తం ఫోన్‌తో ఫొటోలు తీయండి: అరలు, బల్ల సొరుగులు, మంచం కింద ట్రంకు పెట్టె. తర్వాత ఒక్కో కట్టకు ఒక్కో నంబరు వేసి, ఏ చోటు నుంచి తీశారో నోట్‌బుక్కులో రాయండి. మాస్టారికి ఒక వరస ఉంటే దాన్నే ఉంచండి. గోతంలో కుక్కినట్టుగా వరసే లేకపోతే అప్పుడే మీరు విభాగాలు చేయాలి: జీవిత వివరాలు, ఉత్తరాలు, బోధన, రచనలు, ఎగ్జిబిషన్లు, స్కెచ్ బుక్కులు, ఫొటోలు, స్లైడ్లు.

వీటిలో బోధన విభాగానికి ఎక్కువ చోటు ఇవ్వమని గట్టిగా చెబుతాం. స్టిల్ లైఫ్ క్లాసుకు కుండ, నిమ్మకాయ, మడత గుడ్డ ఎలా అమర్చాలో గీసుకున్న చిత్తు, దేహనిర్మాణం పాఠానికి వేసిన ఎముకల పటం, విద్యార్థి బొమ్మ మీద ట్రేసింగ్ పేపరు వేసి ఎర్ర పెన్సిల్‌తో దిద్దిన గీత. ఇలాంటివి అచ్చులో ఎక్కడా దొరకవు. ప్రశ్నపత్రాలు ఏటికొకటి చొప్పున ఉంచండి. ఒకే సర్క్యులర్ కాపీలు పది ఉంటే ఒకటి చాలు. రంగుల బిల్లులు పారేయకండి. ఏ ఏడాది ఏ కంపెనీ రంగు వాడారో రేపు బొమ్మను బాగుచేసేవాళ్లకు కావాలి.

తేదీ లేని ఉత్తరాన్ని కవరు మీది తపాలా ముద్రతో గుర్తించొచ్చు. అందుకే కవరును ఉత్తరం నుంచి వేరు చేయకూడదు. పాతకాలం వాళ్లు తెలుగు సంవత్సరం వేస్తారు. రాక్షస నామ సంవత్సరం అని ఉంటే అది 1975-76 కావచ్చు, అరవై ఏళ్ల వెనక 1915-16 కావచ్చు. ఉత్తరంలోని సంగతి చూసి తేల్చి, మీరు వేసిన తేదీని చదరపు బ్రాకెట్లలో, మెత్తని పెన్సిల్‌తో ఫోల్డరు మీద రాయండి. అసలు కాగితం మీద బాల్‌పెన్ను ఆనకూడదు.

పిన్నులు, టేపులు, మడతలు

ఉప్పుగాలికి గుండుసూదీ జెమ్ క్లిప్పూ ఇట్టే తుప్పు పడతాయి. తుప్పు కాగితంలోకి దిగి అక్కడ చిల్లు చేస్తుంది. లాగితే కాగితం దానితోనే వస్తుంది. ఉత్తరాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, క్లిప్పుకూ కాగితానికీ మధ్య సన్నని ప్లాస్టిక్ షీటు ముక్క దూర్చండి. మరో ముక్క పైనుంచి దూర్చండి. మొండి వెన్నకత్తి మొనతో క్లిప్పు చిన్న మడతను కొద్దిగా పైకెత్తి, పక్కకు జారనివ్వండి. స్టాప్లర్ పిన్నయితే వెనక వంపులు రెండూ అలాగే నిటారుగా చేసి, ముందునుంచి తీయాలి. రాలిన తుప్పు పొడిని మెత్తని కుంచెతో ఊడ్చేసి, తీసిన చోట ఏమీ గుచ్చకుండా ఒక మడత కాగితంలో ఆ జతను కలిపి ఉంచండి. ఒక్క ఉత్తరానికి ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

సెల్లో టేపు ఇక మీదట వేయకండి, పాత టేపును పీకకండి. ఫెవికాల్ వద్దు. మైదా జిగురు పురుగును పిలుస్తుంది. న్యూస్‌పేపరు కత్తిరింపులు తమ ఆమ్లంతో పక్క కాగితానికి కూడా గోధుమరంగు మచ్చ అంటిస్తాయి. వాటిని మంచి కాగితం మీద జిరాక్స్ తీసి, అసలువి వేరే ఫోల్డరులో పెట్టండి. పాత ఫ్యాక్స్ కాగితాలు, థర్మల్ రసీదులు రాత చెరిగిపోకముందే జిరాక్స్ చేయాలి.

ఫోల్డరుకు 20, 25 కాగితాలు చాలు. ఆమ్లం లేని ఫోల్డర్లు మన ఊళ్లలో దొరకవు, నగరాల నుంచి తెప్పించుకోవాలి. అవి వచ్చేలోపు ఆర్ట్ షాపులో దొరికే మందపాటి కాటన్ కాగితాన్ని మడిచి వాడొచ్చు. కట్టలు చుట్టడానికి కోరా బట్ట మంచిది. మూడు నాలుగు సార్లు ఉతికి గంజి మొత్తం పోగొట్టాకే వాడాలి, గంజి ఉంటే పురుగు వస్తుంది.

పురుగు పట్టిన పుస్తకాలను జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. విప్పితే చల్లని కాగితం మీద మన గాలిలోని తేమ నీళ్లై కూర్చుంటుంది. ఫొటోలు, గాజు నెగటివ్‌లు, మందంగా రంగు వేసినవి ఇలా పెట్టకండి.

బొగ్గు గీతలు, స్లైడ్లు, ఫ్లాపీలు

చార్‌కోల్, పాస్టెల్ బొమ్మలను ప్లాస్టిక్ కవర్లో వేయకూడదు. ప్లాస్టిక్‌కు పుట్టే విద్యుత్తుకు బొగ్గుపొడి లేచి దానికే అంటుకుంటుంది. బొమ్మ మీద రాపిడి లేకుండా బట్టర్ పేపరు వేసి, రెండు అట్టల మధ్య పడుకోబెట్టండి. హెయిర్ స్ప్రే కొడితే పొడి కదలదని కొందరంటారు. కొన్నాళ్లకు అదే పచ్చబడుతుంది. పెద్ద వాటర్ కలర్ షీట్లు కూడా చుట్టకుండా పరిచే ఉంచాలి. చుట్టక తప్పని పటమైతే, బట్టల కొట్టులో దొరికే లావు అట్టగొట్టానికి కాటన్ కాగితం చుట్టి, దాని మీద రంగు బయటికి వచ్చేలా చుట్టండి.

స్లైడ్లు కళాచరిత్ర క్లాసుకు ప్రాణం. వాటిని పీవీసీ కవర్ల నుంచి తీసి పాలీప్రొపిలీన్ కవర్లలోకి మార్చి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. ట్రేలోని వరసే పాఠం వరస, ముందు దాన్ని రాసుకోండి. ఫిల్ముకు సిర్కా (వెనిగర్) వాసన వస్తుంటే అది పాడవుతోందని అర్థం. వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, దాన్నే ముందు స్కాన్ చేయించండి.

కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చిన్న ఫొటోలకు 600, 35 ఎంఎం స్లైడ్లకు కనీసం 2400 డీపీఐలో స్కాన్ చేసి టిఫ్ ఫైళ్లుగా దాచండి. ఫైలు పేరులోనే కట్ట నంబరు రావాలి. ఒకే పోలిక కాపీలు మూడు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఫ్లాపీల పని ఇవాళే మొదలుపెట్టండి. తొంభైల నుంచి తెలుగు వ్యాసాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపయ్యాయి. ఆ ఫాంటు లేకపోతే ఫైలు తెరుచుకున్నా అక్షరాలు చెత్తగా కనిపిస్తాయి. ఫాంటున్న డీటీపీ సెంటరు వెతికి, ఫాంటు కలిపిన పీడీఎఫ్ ఒకటి, యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి ఒకటి చేయించుకోండి. మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి, కాబట్టి అచ్చు కాపీతో పోల్చి చదవాలి.

తడిస్తే, బూజు పడితే

తడిసిన కాగితానికి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఒండ్రు అంటిందని చేత్తో రుద్దకండి, నారలోకి దిగిపోతుంది. ఆరాక మెత్తని కుంచెతో రాల్చాలి. ఫౌంటెన్ పెన్ను సిరా నీళ్లకు పారిపోతుంది కనుక కడగొద్దు. స్కెచ్ బుక్కును నిలబెట్టి పేజీలు కొద్దిగా విప్పి, పది పేజీలకొకటి చొప్పున అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్ పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి. ఫ్యాను తిరగాలి, గాలి నేరుగా కొట్టకూడదు. ఎండలో పెట్టొద్దు. రాశి ఎక్కువై ఇవన్నీ కుదరకపోతే, కవర్లలో వేసి ఫ్రీజరులో పెట్టేస్తే బూజు ఆగుతుంది, తర్వాత కొద్దికొద్దిగా ఆరబెట్టుకోవచ్చు.

పాత బూజును మాఘమాసంలో తీయండి. ఉదయం మంచు విడిచాక పదింటి నుంచి మూడింటిదాకా వసారాలో, నీడన. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు ఉండాలి. కాగితం పూర్తిగా పొడిగా ఉండాలి. తడిగుడ్డతో తుడిస్తే బూజు కాగితంలోకి పాకుతుంది. ఎండిన బూజును మన వైపు కాకుండా అవతలికి ఊడ్చాలి.

ఎవరి హక్కు, ఎవరికి ఇవ్వాలి

మాస్టారికి వచ్చిన ఉత్తరం కాగితంగా మీది. అందులోని రాత మీద హక్కు రాసినవారిది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన రచనకు ఆయన మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. బతికుండగా అచ్చుకాని ఉత్తరానికైతే అది మొదట అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. బొమ్మ అమ్మేసినంత మాత్రాన దాని కాపీరైట్ కూడా పోదు. విద్యార్థుల మార్కుల జాబితాలు, ఉద్యోగం కోసం రాసిన రహస్య సిఫార్సులు, ప్రమోషన్ ఫైళ్లు విడిగా కట్టి, ఏ ఏడాది దాకా తెరవకూడదో పైన రాయండి. విశ్వవిద్యాలయం అసలు ఫైళ్లు ఇంట్లో దొరికితే తిరిగి ఇవ్వాలి.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి పాత గ్రంథాలయానికైనా, ఫైన్ ఆర్ట్స్ విభాగానికైనా ఇచ్చేముందు వెళ్లి గది చూడండి. తేమ ఎంత, ఎవరు చూసుకుంటారు, చదవడానికి ఎవరికి ఇస్తారు, వాళ్లకు అక్కర్లేనివి వెనక్కి ఇస్తారా అని అడగండి. ఇల్లు పంచుకున్నట్టు అన్నదమ్ములు కట్టలు పంచుకోవద్దు. అన్నీ ఒకేచోట ఉండాలి, కావాల్సినవారు స్కాన్‌లు తీసుకోవాలి. దానపత్రంలో కట్టల నంబర్లు, తెరవకూడని గడువులు, కాపీరైట్ ఎవరి దగ్గర ఉంటుందో వరుసగా రాయించండి. జాబితా రెండు ప్రతులు తీసి, ప్రతి పేజీ మీదా రెండు వైపులవారి సంతకం ఉండాలి. ఒక ప్రతి వాళ్ల దగ్గర, ఒకటి మీ దగ్గర.