పవర్ సప్లై కొనే ముందు ఏ రివిజనో చూడండి
పీసీకి పవర్ సప్లై కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. పేరు అదే ఉంటుంది, లోపలి సరుకు మారిపోతుంది; అలా మార్చి వదిలిన ప్రతి విడతనూ రివిజన్ అంటారు. కోర్సెయిర్ ఆర్ఎం850ఎక్స్‌నే తీసుకోండి: 2018 రివిజన్‌లో రైఫిల్ బేరింగ్ (నూనె గాడి ఉన్న బేరింగ్) ఫ్యాన్, 2021 దాంట్లో మాగ్నెటిక్ లెవిటేషన్ (అయస్కాంత బలంతో తేలుతూ తిరిగే) ఫ్యాన్. ఏ రివిజనో తెలియడానికి, బాక్స్ మీది పార్ట్ నంబరు ఫోటో పంపమని షాపులో అడగండి.

మా కడప ఎండలకు నేను ముందు చూసేది, ఫుల్ వాట్లు ఎన్ని డిగ్రీల దాకా ఇస్తుందన్నది. మే నెలలో మిద్దె గది ఎలా కాగుతుందో మనకు తెలుసు, కేసు లోపల ఇంకా ఎక్కువ. 40 కన్నా 50 డిగ్రీలని రాసున్న రివిజన్‌కు కొంచెం ఎక్కువైనా పెట్టండి. 80 ప్లస్ గోల్డ్ ముద్ర (కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే గుర్తు) చూసి ధైర్యపడొద్దు, ఆ పరీక్ష 23 డిగ్రీల దగ్గర చేస్తారు.

అన్నట్టు, పాత పవర్ సప్లై మాడ్యులర్ కేబుళ్లు (ఊడదీసి పెట్టుకునేవి) కొత్తదానికి పెట్టకండి. పిన్ల వరస తేడా ఉంటే హార్డ్ డిస్క్ కాలిపోతుంది.